తూటాలకు రాసిన నూనె

రాజోలు తాలూకా, 27-8-86

అమ్మా, వరద తీసింది, నేను క్షేమంగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. మా హెడ్ కానిస్టేబులు బాలగంగాధరంగారు మాత్రం లంకవాళ్లను పడవ ఎక్కిస్తూ కొట్టుకుపోయారు. మూడో రోజున దొరికారు.

దహనం దగ్గర ఆయన గౌరవార్థం పేల్చాల్సిన తుపాకులు పేలలేదమ్మా. తప్పు నాదే. పెట్టెలోని తూటాలకు చిలుము పడితే, పొడిగుడ్డతో తుడిచి వదిలెయ్యమని ఆయన ముందే చెప్పారు. నేను వినకుండా, నువ్వు దీపపు కుందులకు చేసినట్టే చింతపండుతో తోమి, నువ్వు పంపిన కొబ్బరినూనె పట్టించాను. తడి లోపలికి దిగి మందు చెడిపోయింది. ముగ్గురం మూడుసార్లు నొక్కినా టక్కుమని ఊరుకున్నాయి.

దహనం నుంచి వాళ్లింటికి తిరిగొచ్చేసరికి ఆయన భార్య అరుగుమీద కూర్చుని ఉన్నారు. "ఇంకా పేల్చలేదేంటి బాబూ? ఆ చప్పుడు కోసమే చెవొగ్గి కూచున్నాను" అన్నారు. గాలి అటు మళ్లిందండీ అని అబద్ధం చెప్పాను.

చెల్లికి జ్వరం తగ్గిందా? పాకమీద తాటాకు నిలిచిందా? నా పాత దుప్పటి ఎవరిచేతనైనా పంపు. నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

నీ కొడుకు
సూరిబాబు

నూనె మాత్రం ఇక పంపకు. సీసాలో మిగిలింది నిన్న ఆవిడే అడిగి తీసుకున్నారు, ఆయన పటం ముందు దీపంలోకి.