అందరి ముందూ తీసిన చీటీ

ఏమండీ,

మీరు పోయి ఏడాది దాటింది. ఇవాళ మీ తమ్ముడి భార్య పద్మ ఫోన్ చేసింది. మన ఊరి బీచ్‌లో వాళ్ళకి పర్మిట్ వచ్చి, టిఫిన్ బండి మొదలుపెట్టారట.

"అందరి ముందూ చీటీలు తీశారక్కా. మా పేరే వచ్చింది" అంది.

సంతోషం అని పైకి అన్నాను.

ఆ ఇసుకలోనే కొట్టు పెట్టాలని మీరు ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. సముద్రానికి మరీ దగ్గరని ప్రతిసారీ తిప్పి పంపారు. చివరికి అదే చోటు పంచాయతీ ప్రెసిడెంటుగారి బావమరిదికి ఇచ్చారు. మనం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పడ్డాం. మీరు ఎల్బీనగర్ హోటల్లో ఇంకొకరి పొయ్యి దగ్గరే మిగిలిపోయారు.

పద్మవాళ్ళు లంచమిచ్చి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. పక్కింటి యాదమ్మతో ఆ మాటే అన్నాను.

"చిట్టీ తీసుడు మంచిదే గదక్కా! గప్పుడు మీకు గూడ గట్లనే తీస్తే ఎంత మంచిగుంటుండె" అంది. నాకు కడుపు ఇంకా మండింది.

సాయంత్రం పద్మ బండి ఫొటో పంపింది. నీలం బోర్డు మీద మీ పేరు రాయించారు. "బావగారి కోరిక కదక్కా" అని కింద రాసింది.

పర్మిట్ వాళ్ళదే, సముద్రమూ వాళ్ళదే. మీ పేరొక్కటైనా నాకు వదిలేయాల్సింది కదండీ.