మరదలి తల

హ్వే,
12 నవంబరు 2023

మరదలు థోవాకు,

ఇక్కడ అందరం క్షేమం. నీ మోకాళ్లు కూడా కుదుటపడ్డాయని తలుస్తాను. నువ్వు పంపిన తామరగింజల పాయసం అందింది. చక్కెర ఎక్కువైంది.

నీ ఫోటోలు కడిగించి ఈ కవరులో పెట్టాను. కూర్చుని చూడు.

మొన్న మీ అన్నయ్య వర్ధంతినాడు మా మనవరాలు మియెన్ కొన్న పాత ఫిల్ము కెమెరా నా చేతిలో చూసి ముచ్చటపడింది నువ్వే. "వదినా, నేను పోయాక పితరుల పీఠం మీద పెట్టే ఫోటో దీంతోనే తియ్యి. ఫోన్లో ముడతలన్నీ లెక్కపెట్టినట్టు పడుతున్నాయి" అన్నావు. చట్రం ముందే చేయించేశానని చుట్టాలందరికీ చెప్పావు. "దగ్గరికి రా, అంత దూరం నుంచి తీస్తే నేనెవరో నా కొడుక్కే తెలీదు" అని నన్ను మీదికి లాక్కున్నావు. మియెన్ ఏదో చెప్పబోతే, "పెద్దవాళ్ల మధ్య నీకేంటే, వెళ్లి టీ పెట్టు" అని తరిమేశావు.

ఫలితం చూస్తున్నావుగా. ముత్యాల దండ ఉంది, పెదవుల రంగు ఉంది, ముక్కు ఉంది. కనుబొమల దగ్గర నువ్వు అయిపోయావు. ముసలిచేతులు, పాత కెమెరా. ఎవరిని తప్పుపడతాం?

తెగిన ఫోటో చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వరదలో అన్నీ పోగా మిగిలిన మా పెళ్లిఫోటో అదొక్కటే. మీ అన్నయ్య పోయిన రోజు దాన్ని కత్తెరతో రెండు చేశావు. "పీఠం మీద బతికున్న మనిషి బొమ్మ ఉండకూడదు వదినా, అరిష్టం" అన్నావు. ఆచారమే, నేను కాదనలేదు. కానీ నా సగం నాకివ్వలేదు. ఆయన మోచేతి మీద నా వేళ్లు మాత్రం ఇప్పటికీ మీ ఇంట్లో పీఠం మీద ధూపం పీలుస్తున్నాయి. అడిగినప్పుడల్లా, "ఎక్కడో ఉంది, వెతుకుతాలే. ఈ వయసులో పెళ్లికూతురి ఫోటో ఏం చేసుకుంటావు?" అని అందరినీ నవ్విస్తావు. మొన్న కూడా నవ్వించావు. ఆ తర్వాతే నేను కెమెరా అందుకున్నాను.

ఆరోగ్యం చూసుకో. చట్రం మీద దుమ్ము పడనీయకు.

నీ వదిన,
దియెప్

తా.క. ముసలిచేతుల మాట అబద్ధం. ఈ కెమెరాలో మనం చూసే కిటికీ పైన ఉంటుంది, బొమ్మను పట్టే కన్ను కింద ఉంటుంది. దగ్గరికి వెళ్తే కిటికీలో కనబడిన తల ఫిల్ము మీద పడదు. మొదటి రీలులో మియెన్ తల పోగొట్టి ఆ పాఠం నేర్చుకున్నాను. నీ దగ్గర అప్పజెప్పాను. నీ జుట్టుముడిని కిటికీ పైఅంచుకు ఆనించి మరీ నొక్కాను. ఒక్కటి మాత్రం వెనక్కి జరిగి తీశాను. అందులో నిండుగా ఉన్నావు, ఒక్క ముడత లేదు. నువ్వెప్పుడూ అంత అందంగా లేవు. అదీ, దాని నెగెటివు కూడా నా దగ్గరే ఉన్నాయి.

నా సగం తీసుకుని రా. నీ తల తీసుకుని వెళ్లు.