తీసెయ్యమన్న చుక్క

విజయవాడ,
మార్చి 18

నాన్నా,

పెద్దింట్లమ్మ జాతరకి రాలేదని నీకు కోపం వచ్చింది. పరీక్షలని చెప్పాను కదా, అబద్ధం. నీ ముఖం చూస్తే ఏడ్చేస్తానని రాలేదు. ఫోన్‌లో చెప్పబోయి రెండుసార్లు పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నేను పరిశోధన చేస్తున్న గెలాక్సీ నడిమధ్య ఒక పెద్ద కృష్ణబిలం ఉంది. అందులోకి పడే వాయువు కాగిపోయి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. ఆ వెలుగు కాస్త పెరగడం, తగ్గడం మామూలే. కానీ ఉపగ్రహం తీసిన కొలతల్లో ఒకచోట అది నలభయ్యో వంతుకి పడిపోయింది. గ్రాఫ్ మీద ఆ ఒక్క చుక్కా ఎక్కడో అడుగున ఉంది.

మా గైడ్ రామకోటేశ్వరరావు గారు చూసి, "పరికరం తప్పమ్మా, ఆ చుక్క తీసెయ్" అన్నారు. పరికరం తప్పయితే అప్పుడు తీసిన చిత్రంలో ఉన్న వెలుగులన్నీ మసకబారాలి కదా. మిగతా పదకొండు వెలుగులూ ఎప్పటిలాగే ఉన్నాయి. అదే చూపించాను. ఆయన కాగితం వెనక్కి తోసేశారు. "మీ నాన్న కొల్లేట్లో వలేసుకుంటాడటగా? నువ్వింత దూరం రావడమే ఎక్కువ. చుక్క తీస్తే థీసిస్ మీద సంతకం పెడతాను, లేకపోతే లేదు" అన్నారు, అందరి ముందూ.

"తియ్యను సార్" అని వచ్చేశాను. గైడ్‌ని మార్చమని అర్జీ పెట్టాను. ఆ గెలాక్సీని మళ్లీ చూడమని ఇంకో ఉపగ్రహం నడిపేవాళ్లకి నేనే రాశాను. ఉన్నదాన్ని లేదని నేను రాయను నాన్నా.

నీ సుధ

కొల్లేటికోట,
మార్చి 27

సుధమ్మా,

నన్నన్నందుకు నాకేం నొప్పి లేదమ్మా. వలేసేవాణ్ణి వలేసేవాడనక ఏవంటారు? పెద్దోళ్లతో మనకెందుకు. ఒక్క చుక్కే కదా, తీసేసి సంతకం పెట్టించుకుని వచ్చెయ్. ఇన్నేళ్ల చదువు నీళ్లపాలు చేసుకోకు.

మీ నాన్న పోలరాజు

విజయవాడ,
మే 2

నాన్నా,

తియ్యలేదు. నీ మాట కాదనడం ఇదే మొదటిసారి. కేకలేస్తే పడతాను, కానీ తియ్యను.

రెండో ఉపగ్రహం చూసింది. దాని పరికరం వేరు, దాన్ని నడిపే మనుషులు వేరు. అయినా అంతే మసక. రెండు వారాలకి మళ్లీ చూస్తే వెలుగు అయిదు రెట్లు పెరిగింది. అది నిజంగానే ఆరిపోతోంది, వెలుగుతోంది నాన్నా!

ఈ సంగతి తెలిసి సార్ నన్ను గదికి పిలిచారు. కూర్చోమన్నారు, ఈ నాలుగేళ్లలో మొదటిసారి. "మంచి పని చేశావమ్మా. పేపర్ మీద నా పేరు కూడా ఉంటే నీకే మంచిది" అన్నారు.

నేను కూర్చోలేదు. "అలాగే సార్. ఈ చుక్క తీసెయ్యమన్నది ఎవరో కూడా రాస్తాను. మీ పేరు పెట్టమంటారా?" అన్నాను.

ఆయన తలుపు వైపు చెయ్యి చూపించారు.

కొత్త గైడ్ ఛాయాదేవి గారి దగ్గర సోమవారం చేరుతున్నాను. ఏడాది వెనకబడ్డాను. పోనీ. పేపర్ నిన్ననే పంపించాను. దాని మీద ఒక్క పేరే ఉంది. ఇంటిపేరు రాయాల్సిన చోట నీ పేరు రాశాను.

ఇట్లు,
పోలరాజు సుధామణి