మూడు మూరల కిటికీ

మార్చి 2, ఉదయం 5.40

తాళం నా చేతిలో ఉంది! సొంత ఇంటి తాళం! డిపోలో బస్సులకు టైర్లు మారుస్తూ, ఆదివారాలు ఎవరో ఒకరి వరండాలో నిలబడి వాక్యం చెబుతూ పదకొండు అద్దె ఇళ్లు మారాను. ఇక సంఘం మా హాల్లోనే కూడుతుంది. పదహారో తేదీన మొదటి ఆరాధన.

మిగిలిన పని ఒక్కటే, హాలు కిటికీ. ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య సిమెంటు పెచ్చులూడి పళ్లూడిన నోరులా ఉంది. ఆ సందు కప్పేలా చుట్టూ చెక్క బీడింగ్ కొట్టించాలి. నిన్న సంతోషం పట్టలేక మా ఆవిడకు మాటిచ్చేశాను. ఆ కిటికీ నీది, కర్ర నీ ఇష్టం, రంగు నీ ఇష్టం అని. నిజంగానా అంది. అవునంటే అవునే అన్నాను.

మార్చి 4

షాపు నుంచి మూడు శాంపిల్ ముక్కలు తెచ్చింది. తెలుపు, ముదురు గోధుమ, తేనె రంగు. ఒక్కొక్కటే గోడకు అంటించి, వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిచి, తల వాల్చి చూస్తుంది. పొద్దున చూసింది. మధ్యాహ్నం చూసింది. లైటు వేసి చూసింది. తెలుపైతే జనం చేతులానించి రెండు వారాల్లో మాపేస్తారట. ముదురైతే అసలే చిన్న హాలు అగ్గిపెట్టె అయిపోతుందట.

నా ఓపిక నశించింది. దేవుడు మొదటి రోజే వెలుగు చేశాడే, చెక్క ముక్కకు నీకిన్ని రోజులా అని గర్జించాను. సూర్యుణ్ణి మాత్రం నాలుగో రోజుకి గానీ చెయ్యలేదు కదండీ, నాకూ ఇంకో రెండు రోజులివ్వండి అంది.

ఆమెకు వాక్యం నేర్పింది నేనే మరి.

మార్చి 5, ఉదయం 4.30

అగ్ని! నా ఎముకల్లో అగ్ని!

గ్రంథం తెరవగానే ప్రవక్త దర్శనంలో చూసిన మందిరం కొలతలు. గోడలకు చెక్క పలకలు, వాటి మీద చెక్కిన ఖర్జూరపు చెట్లు! బడి మొహం సరిగ్గా చూడనివాణ్ణి, ఈ అక్షరాలు ఒంటరిగా కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. నాకు చూపించాడంటే ఊరికే చూపిస్తాడా? ఇది ఆరాధన జరిగే హాలు. దీనికి తేనె రంగు పట్టీయా!

అదే రోజు, సాయంత్రం

వడ్రంగి దగ్గరికి పోయి చెప్పేశాను. బెత్తెడు వెడల్పు, మూడు మూరల పొడవు, నిలువునా ఖర్జూరపు చెట్లు. మన సంఘంవాడే, పొట్టి మనిషి, చేతిలో మంచి పనితనం. టేపు పట్టుకుని ఒకసారి ఇంటికొస్తానన్నాడు. ప్రవక్త టేపు పెట్టి కొలిచాడా, మూర చాలు అన్నాను. కిటికీ పక్కన మోచెయ్యి ఆనించి నేనే కొలిచాను, కచ్చితంగా మూడు. అమ్మగారికి ఇష్టమేనా అయ్యగారూ అని అడిగాడు. చూస్తే ఎగిరి గంతేస్తుంది అన్నాను.

మార్చి 6

ఆమెకింకా చెప్పలేదు. సర్‌ప్రైజ్.

మార్చి 9, ఆదివారం

ఇచ్చిన మాట తప్పేవాడి మీద ప్రసంగం. వరండా రేకులు అదిరాయి! ముగ్గురు ఏడ్చారు. వడ్రంగి మాత్రం ముందు వరసలో కూర్చుని మెడ గోక్కుంటూ నన్నే చూశాడు. ఇంటికొచ్చాక ఆమె తేనె రంగు ఖాయం చేశానంది. నేలకీ కుర్చీలకీ కలుస్తుందట. ఆహా అన్నాను. ఆహా అంటే అబద్ధం కాదు కదా.

మార్చి 12

వడ్రంగి పట్టీ చుట్టిన దుప్పటి విప్పాడు. ఎంత అందం! ఈనె ఈనె కనబడుతోంది. ఎత్తి కిటికీ పక్కన నిలబెట్టాడు.

జానెడు పొట్టి.

వాడు తన మూరతో కోశాడు. టేపు తెస్తానంటే వద్దంటిరి, ప్రవక్త చెయ్యి ఎంత పొడుగో నాకేం తెలుసయ్యగారూ అన్నాడు. అంతలో వంటింట్లోంచి ఆమె వచ్చింది, తేనె రంగు ముక్క చేత్తో పట్టుకుని. ఇదెవరు చెయ్యమన్నారు అని వాణ్ణి అడిగింది. వాడు నా వైపు చూశాడు.

ఆమె కేకలేస్తే బాగుండేది. ఆదివారం మీ ప్రసంగం నేనూ విన్నానండీ అని, ఆ ముక్క కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 13

నా పక్షాన వచనాలు పొద్దంతా వెతికాను. బోలెడు దొరికాయి. ఒక్కటీ ఆమె ముందు చదవడానికి నోరు రాలేదు.

మార్చి 14

తప్పు నాదే అన్నాను. వంటింట్లో, నిలబడి, వచనం లేకుండా.

పోనీలెండి, చెక్కే కదా అంది. తర్వాత గిన్నె తోముతూ అంది: పదకొండు ఇళ్లలో ఒక్క మేకు కొట్టాలన్నా ఓనర్ని అడిగాను. ఇక్కడా ఓనరున్నాడని తెలియక మురిసిపోయాను.

ఇన్నేళ్లు జనాన్ని ఏడిపించాను. నన్నేడిపించిన ప్రసంగం ఇది, రెండే వాక్యాలు.

కాసేపటికి చెయ్యి తుడుచుకుని టేపు తెచ్చింది. ఆ కొస పట్టుకోండి అంది. పట్టుకున్నాను. ఇద్దరం షాపుకు వెళ్లాం. తేనె రంగు చెక్కకు బేరమంతా ఆమే ఆడింది. షాపువాడు, అయ్యగారికి గొంతు బాలేదా అమ్మా అని అడిగాడు.

మార్చి 15

బీడింగ్ కొట్టేశారు! మూలలు నలభై అయిదు డిగ్రీల్లో కోసి కలిపారు, గోరు కూడా దూరదు. వడ్రంగికి ఆమే చెప్పింది, మేకు తలలు లోపలికి దిగాలి, పుట్టీ పెట్టాలి అని. గోడ, నేల, కుర్చీలు, కిటికీ ఒక్క మాట మీద నిలబడ్డాయి. మహిమ! వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చూపించాను. తేనె రంగే సరైనదని నలుగురికి చెప్పాను.

మార్చి 16, ఆదివారం, ఉదయం 8.15

లేచి వచ్చేసరికి హాల్లో పెయింటు వాసన. ఆమె స్టూలెక్కి ఉంది. బీడింగ్ మొత్తం చిలకపచ్చ!

అన్నీ ఒకే రంగైతే కిటికీ ఎక్కడుందో తెలియడం లేదండీ అంది. నన్నడగలేదు.

తొమ్మిదింటికి జనం వస్తారు. గుమ్మంలో నిలబడి చెప్పాలి, తడి ఆరలేదు, ఎవరూ ఆనుకోవద్దని. నేను ముందే ఆనుకున్నాను. తెల్ల చొక్కా చేతికి ఇంత పచ్చ. మార్చుకోను. దీంతోనే నిలబడి వాక్యం చెబుతాను.