పక్కపక్క సీట్ల విమానం

హాస్టల్, జూన్ 3

ప్రియమైన నాయనకు,

ఫోనులో నా మాట నీకు వినపడదు, అందులోని అక్షరాలేమో నీ కంటికి ఆనవు. అందుకే మనకు ఉత్తరాలే గతి. పైలట్ శిక్షణలో పాఠాలు అయిపోయాయి. ఇక ఎగరడమే. ఏ విమానం మీద నేర్చుకుంటావో చెప్పమని మా టీచరు కల్పన మేడం రెండు చూపించింది. ఒకటి పాతది. రెక్క నెత్తిమీద ఉంటుంది, నిదానంగా పోతుంది, ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. రెండోది కొత్తది, వేగం ఎక్కువ. దాంట్లో మేడం నా వెనక కూర్చుంటుంది. అందరూ కొత్తదానికే ఎగబడుతున్నారు. నువ్వైతే ఏది తీసుకుంటావు?

నీ కూతురు
లహరి

కుందుర్పి, జూన్ 11

చిరంజీవి లహరికి నాయన ఆశీస్సులు.

విమానాల సంగతి నాకేం తెలుసు? ఎద్దుల సంగతి అడుగు, చెబుతా. సేద్యం నేర్చుకునేవాడికి కొమ్ములూ రంగూ చూసి ఎద్దును కొనం. తప్పుగా తోలినా బెదరని సాధు ఎద్దును కొంటాం. అది ఎట్లాంటిదో అమ్మేవాడు చెప్పడు, మేత వేసేవాడిని అడగాలి. ఆ విమానాలకూ మేత వేసేవాడు ఉంటాడు కదా, అతన్ని అడుగు. మీ అమ్మ మాత్రం "యాడ పడతాదో ఏమో, నిదానంగా పోయేదే ఎక్కమను" అంటోంది. ఇక్కడ వాన లేదు, చేను ఇంకా దున్నలేదు.

మీ నాయన
తిప్పయ్య

హాస్టల్, ఆగస్టు 2

నాయనా,

నువ్వు చెప్పినట్టే మెకానిక్ ఓబిలేష్‌ను అడిగాను. మన రాయదుర్గం మనిషే. పగలబడి నవ్వి, "మేత నేనే వేస్తాండా. పాతదే సాధువు పాపా, నువ్వు తప్పు చేసినా సర్దుకుంటాది" అన్నాడు. పాతదాన్నే తీసుకున్నాను. మేడం పక్కన ఉంటే నాకు సులువు. చెవులకు పెట్టుకునే ఫోన్లలో మాటలన్నీ ఒకటే గరగర. ఆమె ముఖం కనబడితే ఏం చెబుతోందో ఇట్టే తెలుస్తుంది. ఇప్పటికి పన్నెండుసార్లు ఎగిరాను. ఇంకో రెండు వారాల్లో మేడం దిగిపోతుంది, నేనొక్కదాన్నే ఎగరాలి!

నీ పైలట్
లహరి

కుందుర్పి, ఆగస్టు 8

తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గరగర అన్నావు. ముఖం కనబడితే తెలుస్తుందన్నావు. ఇరవై మూడేళ్లప్పుడు నేనూ ఇట్లాగే, జనమంతా మాట నమిలి మాట్లాడుతున్నారని రెండేళ్లు తిట్టుకున్నాను. పోయింది నా చెవులేనని మా అమ్మ కనిపెట్టింది. ఆమెవీ అట్లాగే పోయాయి. నీకు ఇంకేమీ ఇవ్వలేకపోయాను, ఇదొక్కటి ఇచ్చాను. నన్ను క్షమించు. ఒక్కదానివే ఎక్కేముందు మేడంకు చెప్పు. అక్కడ పెదవులు చూపించేవాళ్లు ఎవరూ ఉండరమ్మా.

మీ నాయన

హాస్టల్, ఆగస్టు 21

నాయనా,

చెప్పాను. చెవుల డాక్టరు పరీక్ష చేశాడు. నీ మాటే నిజమైంది. చేరేటప్పటి పరీక్షలో బాగానే ఉన్న వినికిడి ఇప్పుడు తగ్గిందట, ఇంకా తగ్గుతుందట, పైలట్ కావడం కుదరదన్నారు. పాత విమానం తీసుకున్న రోజుకే నాకు అనుమానం ఉంది. నీకు తెలిస్తే నీ తప్పనుకుంటావని దాచాను. నీ తప్పేమీ లేదు. నాకు కోపంగా ఉంది, కానీ ఎవరి మీదో నాకే తెలియడం లేదు. నిన్న మేడం చివరిసారి ఎక్కించుకుంది. అరగంట మొత్తం నేనే నడిపాను. దిగాక ఏడ్చాను, ఆమే గది దాకా తీసుకొచ్చింది.

శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. నువ్వూ అమ్మా నాకు ఎదురుగా నిలబడండి. వెనకనుంచి పిలిస్తే నాకు వినపడదు.

నీ
లహరి