రెండంచుల సీలు

శివశంకరన్నా,

రొయ్యలు నిలబడ్డాయా? నీ గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ గేర్‌బాక్సు ఆయిల్ కారుస్తా ఉందని విప్పి పంపిన రబ్బరు సీలు చూసినాను. ఆయిల్ ఉండాల్సిన వైపు ఉప్పు పేరుకుని ఉంది. తిరగేసి వేసినావు గదన్నా! ఎన్నిసార్లు చెప్పినా ఇంతేనా?

'రైతు తప్పు' అని రాసి పంపమన్నాడు మా సీళ్ల కంపెనీ మేనేజరు. కోపంలో నేనూ రాయబోయినాను. కానీ మీ తోటపల్లి గూడూరు నుంచి వచ్చినవన్నీ తిరగేసినవే. ఇంతమంది ఒకే తప్పెట్టా చేస్తారు? ఆయిల్ బయటికి రాకూడదని, ఈ సీలు గీసేటప్పుడు నేను రబ్బరు అంచును లోపలివైపుకు పెట్టినాను. మీకేమో ఉప్పునీళ్లు లోపలికి పోతాయని భయం, అందుకే అంచును బయటికి తిప్పి వేస్తా ఉండారు. ఆ భయం నా డ్రాయింగులో లేదు.

అందుకే రెండువైపులా అంచున్న సీలు చేయించి బస్సులో పంపిస్తా ఉండాను. ఎటు తిప్పి వేసినా సరే. మళ్లీ చుక్క కారితే మాత్రం రైతు తప్పని రాయను, నా పేరే రాస్తాను.

నీ చెల్లెలు