కారు దిగకుండా ఎక్కిన ఎత్తు

మిర్యాలగూడ, 1994, ఆదివారం రాత్రి

మా కారు వాడపల్లి ఎత్తు ఎక్కింది! నిండా జనం, ఒక్కరూ దిగలేదు! నా కొడుకు వెంకటి కోదాడలో పాత గేరుబాక్సు పీకించి కొత్తది వేయించాడు. బంగారు కొండ, వెయ్యేళ్లు బతకాలి!

ఎత్తు రాగానే అలవాటుకొద్దీ తలుపు తీసి దిగబోయాను. వెంకటి అరిచాడు: "నాయినా, తలుపెయ్యి! దిగి నూకుడు ఇగ ఖతం!"

నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను. వెంటనే ఒళ్లు మండింది. మొన్న నా బామ్మర్ది యాదగిరి నలుగురిలో ఏమన్నాడు? "బావా, నీ కారుకు రెండెడ్లు గట్టు, అప్పుడు సూద్దాం." సొంత మేనల్లుడు టాక్సీ నడుపుతుంటే, వచ్చే శుక్రవారం బిడ్డ పెళ్లికి బయటివాడి కారు మాట్లాడుకున్నాడు! వెంకటి ఆ పూట అన్నం ముట్టలేదు. అది నేనెట్లా మరచిపోతాను? తోడబుట్టినవాడని నా భార్య ఇంకా వెనకేసుకొస్తోంది...

రేపే చెప్పాలి: సూర్యాపేటలో అక్కకు, ఎడ్ల మాటకు పగలబడి నవ్విన పెద్దబావకు, కోదాడ వియ్యంకుడికి, మోతెలో చెల్లెలికి. పాపం, అది పట్టుచీర కట్టుకొని మా కారు తోసింది.

మాడుగులపల్లిలో యాదగిరికి మాత్రం నోటితో చెప్పను. కారు వాడి గుమ్మం ముందు ఆపి, వాడు బయటికొచ్చేదాకా హారన్ కొడతాను.